మళ్లీ ఆడతామన్న కళింగపట్నం జట్టు

నమోదు 1

ఈ రోజు పొద్దున్నే కంచుకోట ఆరో భాగానికి కొబ్బరికాయ కొట్టాం. ఈ కాలంలో మంచి పనులన్నీ సూర్యోదయానికే. కాస్త ఎండెక్కితే సింహాచలం కొండ మీద మెట్ల రెయిలింగు కూడా చేత్తో ముట్టుకోలేం. కిటికీలకు తెల్ల తెరలు దించేసి సాయంత్రం దాకా లోపలే ఉంటాం. పాత విశాఖ వీధుల్లోకి సముద్రం వచ్చి ఉండిపోయాక ఊరంతా కొండలెక్కింది. ఒకప్పుడు బస్సులు తిరిగినట్టు ఇప్పుడు కింద పడవలు తిరుగుతుంటాయి.

నా పేరు హైమవతి. మొదటి భాగం నుంచీ ఈ ఆటలో కోట కట్టేది నేనే. ఆడేవాళ్లు కవచం తొడుక్కుని గోదాలోకి దిగగానే వాళ్ల కళ్ల ముందు లేచి నిలబడే కోట అది. గోడ ఎక్కడుండాలి, గుమ్మం ఎక్కడుండాలి, తూటా నుంచి తప్పించుకునే చాటు ఎక్కడుండాలి అన్నది నా పని. తుపాకీ పేలాక తూటా ఎటు పోవాలి, గాలికి ఎంత వాలాలి అన్నది ఇమ్మానుయేలు పని. అమలాపురం వాడు. నా తమ్ముడి వయసు, నన్ను అక్కా అంటాడు. మొదట్లో మేం నలుగురమే. ఇప్పుడు డెబ్భై మంది ఉన్నారు.

కొబ్బరి ముక్కలు పంచుతుండగా సుధీంద్ర గారు వచ్చారు. ఆయన మేరువు కంపెనీ మనిషి. మేరువు మా పబ్లిషరు. కంచుకోట అనే పేరు వాళ్లది, పెట్టుబడి వాళ్లది, ఏ భాగం ఎప్పుడు రావాలో, ఎలా అమ్మాలో చెప్పేదీ వాళ్లే.

"వరసగా ఓడిపోయిన మనిషి మళ్లీ గోదాకి రావడం లేదు, హైమవతి గారూ" అన్నారాయన, కుర్చీలో కూర్చుంటూనే. "ఆరో భాగంలో అలాంటి వాళ్లకు కాస్త ఊతం ఇద్దామని మావాళ్ల ఆలోచన."

"ఊతమంటే?"

"ఎవరు విసిగిపోయి మానేయబోతున్నారో మాకు ముందే తెలుస్తుంది. అలాంటి మనిషి పేల్చిన తూటా వెంట్రుకవాసి ఎదుటివాడి వైపు వాలుతుంది. ఆ సంగతి ఎవరికీ తెలీదు. గెలిచామన్న సంతోషంతో ఇంటికెళ్తారు, మర్నాడు మళ్లీ వస్తారు."

ఇమ్మానుయేలు నోట్లో కొబ్బరి ముక్క నమలడం ఆపేశాడు. "తూటాకి మనిషెవరో తెలీకూడదండి" అన్నాడు.

"ఎందుకని?"

"తెలిస్తే అది ఆటవదండి. లంచమవుద్ది."

సుధీంద్ర గారికి కోపం రాలేదు. ఆయనకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆలోచించుకోండి అని, టీ తాగి వెళ్లిపోయారు. మేం ఆలోచించుకోలేదు. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని పనిలో పడ్డాం.

నమోదు 5

ఈ రోజు కవచం వేసుకుని ఐదో భాగం కోటంతా తిరిగాను. కొత్తది కట్టేముందు పాతదాన్ని ఒకసారి కాళ్లతో తొక్కి చూడటం నా అలవాటు.

తిరుగుతుంటే, ఇందులో నేను కట్టినదెంత, మేరువు కట్టించినదెంత అనిపించింది. కోట నడిబొడ్డున ఉన్న నగారాను ముందు మోగించిన జట్టుదే గెలుపు. మొదటి భాగంలో గుమ్మం నుంచి ఆ నగారా దాకా పోవాలంటే చాలా దూరం. ఒక్కో ఆట పూటంతా సాగేది. రెండో భాగం నాటికి మేరువు మా ఆటను కొన్నది. పడవ దిగి ఇంకో పడవ ఎక్కే మధ్యలో ఆట అయిపోవాలని పట్టుబట్టింది. గుమ్మాన్ని లాక్కొచ్చి నగారా పక్కన పెట్టాను. పెట్టేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. కానీ జనం ఇప్పటికీ తలచుకునేది ఆ ఇరుకు గుమ్మం పోరునే. ఆ విషయంలో మేరువే గెలిచింది, ఒప్పుకోవాలి.

మూడో భాగం తుపానుల నెలలో వచ్చింది. అప్పుడు జనం ఇళ్లు కదలరు కాబట్టి ఆ నెలే కావాలన్నారు. అందుకని కోటలో కూడా వాన కురిపించాం. ఇమ్మానుయేలు గాలికి వాలడం తూటాకి నేర్పాడు. ఆ వాన చూసి మత్స్యకారుల సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచి శాలువాలు కప్పారు. నాలుగో భాగంలో కవచాలకు రంగులు అమ్మాలన్నారు. రంగులు బాగా కనబడాలి కదా, అందుకని నా చీకటి సొరంగాలు పూడ్చేశారు. వాటికోసం ఇప్పటికీ బాధే.

గోడలు జరిపారు, వాన తెప్పించారు, సొరంగాలు పూడ్చారు. ఇన్నింటిలోనూ తూటా జోలికి మాత్రం ఎవరూ రాలేదు. కోటీశ్వరుడు పేల్చినా కూలివాడు పేల్చినా ఒకే దారిన పోయింది. బయట మా ఆట గురించి ఎవరైనా అడిగితే నేను గర్వంగా చెప్పేది ఆ ఒక్క మాటే.

నమోదు 9

నా గొంతు పోయింది. అరిచి అరిచి.

ఐదో భాగం పోటీల్లో చివరి ఆట ఈ రోజు కైలాసగిరి గోదాలో జరిగింది. ఇటు కళింగపట్నం జట్టు, అటు హైదరాబాదు జట్టు. హైదరాబాదు వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఓడింది లేదు. కళింగపట్నం జట్టు ఐదుగురూ పడవలు నడిపేవాళ్లు. వాళ్ల నాయకురాలు పైడితల్లి. మునిగిన ఊళ్ల మీదుగా పెద్ద పడవ నడుపుతుంది. ఆవిడ గొంతు లేస్తే అవతలి ఒడ్డున ఉన్నవాడు కూడా పక్కకు తప్పుకుంటాడని చెప్పుకుంటారు.

ఇరుకు గుమ్మం దగ్గర హైదరాబాదు నాయకుడు నసీర్, పైడితల్లి ఎదురెదురు పడ్డారు. ఇద్దరూ ఒకేసారి పేల్చారు. నసీర్ కవచం ఎర్రగా వెలిగి ఆరిపోయింది, అతని ఆట ముగిసింది. పైడితల్లి వెళ్లి నగారా మోగించింది.

ఉత్తరాంధ్రకు ఈ కప్పు రావడం ఇదే మొదలు. దిగువన పడవలన్నీ ఒక్కసారిగా కూతలు పెట్టాయి. నా పక్కన కూర్చున్న ముసలాయన నన్ను ఎరగడు, నేను ఆయన్ని ఎరగను, ఇద్దరం చేతులు పట్టుకుని గంతులు వేశాం.

నమోదు 11

ఇమ్మానుయేలు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. పెద్ద పోటీ ఏది జరిగినా దాని తూటాలన్నీ తీసి చూసుకుంటాడు, పెళ్లయ్యాక ఫోటోలు చూసుకున్నట్టు.

"అక్కా, ఇది చూడు."

తెర మీద తెల్లటి గీత. పైడితల్లి తుపాకీ నుంచి నసీర్ భుజం దాకా వెళ్లింది. చివర్లో, గాలి లేని చోట, గీత కొంచెం వంగింది.

"గాలేమో."

"నా గాలి నాకు తెలీదా? ఇది నా తూటా కాదక్కా. ఇలాంటివే ఇంకా ఉన్నాయి. అన్నీ కళింగపట్నం వాళ్లు పేల్చినవే."

నేను అక్కడే నిలబడి సుధీంద్ర గారికి ఫోను చేశాను. ఆయన అబద్ధం చెప్పలేదు. పోటీకి ముందు గోదాకి మేరువు పంపిన మార్పుల్లో ఊతం కూడా ఉందట. పరీక్ష కోసమట.

"కళింగపట్నానికే ఎందుకు?"

"ఉత్తరాంధ్రలో జనం ఆట మానేస్తున్నారు. సొంత జట్టు గెలిస్తే నిలుస్తారని అనుకున్నాం. నిలిచారు కూడా. గోదాల ముందు వరసలు మీరే చూస్తున్నారుగా."

"పైడితల్లికి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. తెలియనవసరం లేదు. ఒప్పందంలో గోప్యత మాట గుర్తుంది కదా, హైమవతి గారూ. అది దాటితే కంచుకోట మీ చేతిలో ఉండదు. మీ మేలు కోరి చెబుతున్నాను."

ఆయన మేలు కోరే చెప్పారని నాకు తెలుసు. ఫోను పెట్టేశాక, పొద్దున్నే అందరినీ రమ్మని కబురు పెట్టాను.

నమోదు 12

పొద్దున అందరినీ కూర్చోబెట్టాను. జరిగింది చెప్పాను. చెబితే ఏం పోతుందో కూడా చెప్పాను. పోయేది నా ఒక్కదాని కోట కాదు, డెబ్భై కుటుంబాల అన్నం. అందుకే నా అంతట నేను నిర్ణయించలేనన్నాను.

ముందుగా, ఆటకు శబ్దాలు చేసే వరూధిని లేచింది. ఐదో భాగంలో నగారా మోత ఆవిడదే. ఇద్దరు పిల్లలు, భర్తకు ఆరోగ్యం బాగోదు.

"ఆ రోజు ఆ నగారా మోగినప్పుడు మా ఇంట్లో మా ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నారు" అంది. "ఆయన అడిగితే నేనేం చెప్పను? నాకు దాచడం రాదు, హైమవతి గారూ. చెప్పేద్దాం."

చేతులెత్తమన్నాను. ఎత్తనివాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. ఎత్తినవాళ్లు చాలా ఎక్కువ. ఇన్నేళ్లు ఈ మనుషులతో కలిసి పనిచేశానని ఆ క్షణంలో నాకు ఎంత గర్వం కలిగిందో రాయడం చేతకావడం లేదు.

నమోదు 13

కళింగపట్నం వెళ్లాను. మునిగిన రోడ్డు మీదుగా పడవలో పోతుంటే పాత దీపస్తంభం నడుము దాకా నీళ్లలో నిలబడి కనిపించింది. రేవులో దిగేసరికి పైడితల్లి తన పడవను ఒడ్డుకు చేరుస్తోంది. రేవంతా ఆవిడ బొమ్మలే. ఎవరో గోడ మీద నగారా కూడా గీశారు.

పడవ గది లోపలికి రమ్మంది. స్టీలు గ్లాసులో మజ్జిగ ఇచ్చింది. నేను తాగకుండానే మొదలుపెట్టాను. ఊతం గురించి, పరీక్ష గురించి, వంగిన తూటాల గురించి, తెలిసిందంతా చెప్పాను.

ఆవిడ కదలకుండా విన్నది. తర్వాత ఒకటే అడిగింది.

"అయితే మేం గెలిసినామా, మమ్మల్ని గెలిపించినారా?"

"నాకు తెలీదమ్మా. ఆ తూటాలు వంగకపోయినా మీరే గెలిచేవారేమో. ఓడేవారేమో. అది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

"మీరు కోట కట్టినోరు. మీకూ తెల్దా?"

"తెలీదు."

ఆవిడ లేచి బయటికి వెళ్లింది. పడవ మోకు రాటకు ముడి వేసి ఉంది. దాన్ని విప్పి మళ్లీ గట్టిగా ముడి వేసింది. కోపం మోకు మీద తీర్చుకుంటోందనుకున్నాను. తిరిగొచ్చేసరికి మొహం ప్రశాంతంగా ఉంది.

"నసీరుకి సెప్పినారా?"

"ముందు మీకే చెప్పాలని వచ్చాను."

"నాను సెప్తాను. ఆడు నాతో సమానంగా ఆడినోడు, ఇంకొకల నోట ఇనకూడదు." కొంచెం ఆగింది. "మళ్లీ ఆడతాం. మీ కోటలో, సక్కని తూటాల్తో. ఆ కప్పు మాదైతే మా దగ్గరే ఉంటది. ఆల్లదైతే నా సేత్తోనే ఇచ్చేత్తాను."

"ఊరంతా పండగ చేసుకుంటోంది, పైడితల్లి గారూ. వాళ్లేమంటారో."

"ఊరికి నాను సెప్పుకుంటాను. మీరు కోట సూసుకోండి."

అప్పుడు మజ్జిగ తాగాను.

నమోదు 15

నసీర్ నాకు ఫోను చేశాడు. మెత్తని గొంతు, కుర్రవాడేం కాదు, ఇద్దరు కూతుళ్ల తండ్రి.

"మేం వస్తున్నం, మేడమ్. ఎవరు గెలుస్తరన్నది తర్వాతి మాట. అసలేమైందో మాక్కూడా తెల్వాలె గదా."

మేరువు మాత్రం కుదరదంది. రెండో భాగం నుంచి ఐదో భాగం దాకా ఏ కోటనూ గోదాలో తెరవడానికి వీల్లేదని కబురు పంపింది. చిత్రమేమిటంటే మొదటి భాగం వాళ్లది కాదు. కొన్న రోజున, అది పాతబడిన సరుకని వాళ్లే వద్దన్నారు. అది ఇప్పటికీ మాదే. గోదా నగరపాలక సంస్థది. వాళ్లను అడిగితే, తాగునీటి ట్యాంకరు వేళలకు అడ్డం రాకుండా ఆడుకోమన్నారు.

ఇమ్మానుయేలు, నేను, వరూధిని కలిసి మొదటి కోటను ఈనాటి కవచాలకు సరిపోయేలా చేస్తున్నాం. గుమ్మానికి నగారాకి మధ్య పాత దూరం. నా సొరంగాలు. ఇమ్మానుయేలు తన పాత తూటా లెక్కలు చూసుకుని, "అప్పుడు ఇంత బాగా రాశానా?" అని తనలో తనే నవ్వుకున్నాడు.

నమోదు 18

ఈ రోజు ఆడారు.

జనం తెల్లవారకముందే వచ్చి గోదా పందిరి నీడన కూర్చున్నారు. కళింగపట్నం నుంచి పడవలు బారులు తీరి వచ్చాయి. ఊరికి చెప్పుకుంటానన్న మాట పైడితల్లి నిలబెట్టుకుంది. రేవులో నిలబడి అందరికీ చెప్పిందట. కొందరు తిట్టారట. తిట్టినవాళ్లు కూడా వచ్చారు.

మొదటి భాగం ఆట పూటంతా సాగుతుందని ఈ కాలం పిల్లలకు తెలీదు. మొదట్లో విసుక్కున్నారు. రాను రాను ఊపిరి బిగబట్టి చూశారు. సొరంగాల్లో కళింగపట్నం వాళ్లు ఐదుగురు ముగ్గురయ్యారు, అటు హైదరాబాదు వాళ్లు ఐదుగురు ఇద్దరయ్యారు. కళింగపట్నం కుర్రది ఒకతి గోడ మీద నుంచి కాల్చిన తూటా ఆ దూరాన ఎలా తాకిందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. తూటా వంగలేదు. ఇమ్మానుయేలు నా పక్కనే కూర్చుని ప్రతి గీతనూ చూస్తున్నాడు. నేను అడిగినప్పుడల్లా "నాదే, అక్కా. అది నాదే" అన్నాడు.

చివరికి నగారా మెట్ల దగ్గర పైడితల్లి, నసీర్ ఇద్దరే మిగిలారు. ఆవిడ ముందు పేల్చింది. తూటా అతని చెవి పక్కగా పోయి స్తంభానికి తగిలింది. ఆ ఒక్క లిప్తలో అతను పేల్చాడు. పైడితల్లి కవచం ఎర్రగా వెలిగి ఆరిపోయింది.

నసీర్ నగారా మోగించాడు. గోదాలో చప్పుడు లేదు. ఈ జనానికి వాళ్ల గెలుపు లేకుండా చేసింది నేనే కదా అనిపించింది.

పైడితల్లి శిరస్త్రాణం తీసింది. మొహమంతా చెమట. నడుచుకుంటూ వెళ్లి, గట్టు మీద పెట్టిన కప్పు తెచ్చి నసీర్ చేతిలో పెట్టింది. అతను తీసుకోవడానికి తటపటాయించాడు. ఆవిడ అతని చేతులు పట్టుకుని కప్పు చుట్టూ బిగించింది. తర్వాత జనం వైపు తిరిగింది. మైకు అక్కర్లేని గొంతు అది.

"మొన్న గెలిసినాం అన్నారు, అదెవరిదో నాకు తెల్దు. ఇయ్యాల ఓడిపోనాం. ఇది మాదే. వచ్చే ఏడు గెలుత్తాం, అదీ మాదే అవుద్ది."

మొదట లేచి నిలబడింది కళింగపట్నం వాళ్లే. తర్వాత గోదా అంతా లేచింది. ఆ గెలిచిన రోజున కూడా ఇంత మోత వినలేదు నేను. ఇమ్మానుయేలు మొహం చేతుల్లో దాచుకున్నాడు. వాడి వీపు మీద చెయ్యేసి అలాగే కూర్చున్నాను.

నమోదు 21

సుధీంద్ర గారు స్వయంగా వచ్చారు. ఫోనులో చెప్పే విషయం కాదన్నారు.

కంచుకోటను మా దగ్గర నుంచి తీసేసుకుంటున్నారు. ఆరో భాగం ఇంకెవరో చేస్తారు. అది ఊహించిందే. ఊహించనిది ఇంకోటి చెప్పారు.

"ఆరో భాగంలో ఊతం ఉండదు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేస్తున్నాం. ఇప్పుడు ప్రతి ఊళ్లో గోదా ముందు జనం అదే అడుగుతున్నారు, తూటా వంగుతుందా, వంగదా అని. వంగేదైతే అమ్ముడుపోదని మావాళ్లకు అర్థమైంది."

"అయితే మమ్మల్నెందుకు తీసేయడం?"

"మాట దాటారు కాబట్టి. రేపు ఇంకో స్టూడియో దాటుతుంది." ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఒక దారి ఉంది. ఆ తూటాలు వంగడం యంత్రంలో పొరపాటు అని మీరొక మాట ప్రకటిస్తే చాలు. కోట మీ దగ్గరే ఉంటుంది. పైవాళ్లను నేను ఒప్పించాను."

ఆయన నిజంగా కష్టపడి ఒప్పించి ఉంటారు. కృతజ్ఞతలు చెప్పాను. నా సొరంగాలు, ఇరుకు గుమ్మం, వాన, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నా సగం జీవితం ఆ కోట.

"పొరపాటు కాదు కదా, సుధీంద్ర గారూ" అన్నాను.

"కాదు" అన్నారాయన.

లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "ఆ రోజు నేనూ వచ్చాను. పై వరసలో కూర్చున్నాను. లేచి నిలబడ్డాను కూడా. మావాళ్లకు చెప్పకండి." అలా చెప్పి, గొడుగు తెరుచుకుని ఎండలోకి వెళ్లిపోయారు.

నమోదు 26

కంచుకోట బోర్డు మేరువు వాళ్లు విప్పి తీసుకెళ్లారు. కొందరు మా నుంచి మేరువుకి వెళ్లారు. వరూధిని కూడా వెళ్లాలా వద్దా అని రెండు రోజులు మథనపడింది. వెళ్లమని నేనే చెప్పాను. ఆరో భాగంలో నగారా ఇంకెవరు మోగించినా నాకు నచ్చదు. వెళ్లేటప్పుడు నన్ను కావలించుకుని ఏడ్చింది. మిగిలినవాళ్లం పెద్ద గది వదిలేసి కొండ వెనక వైపు చిన్న మేడలోకి మారాం. ఎండ తక్కువ, నీళ్ల పంపు దగ్గర.

కొత్త ఆట మొదలుపెట్టాం. పేరు లేదు. కోట లేదు. మునిగిన ఊళ్ల మేడల మీద ఆడే ఆట. పడవల్లోంచి పేల్చాలి. పడవ ఊగితే చెయ్యి ఊగుతుంది, తూటా ఊగదు. పడవ ఎలా ఊగుతుందో చూపించడానికి పైడితల్లి వచ్చింది. కళింగపట్నం నుంచి సొంత పడవలో వచ్చి, తెల్లవారుజాము నుంచి ఎండెక్కేదాకా ఇమ్మానుయేలును నీళ్ల మీద తిప్పింది. వాడు రెండుసార్లు వాంతి చేసుకుని, "వచ్చేసింది, లెక్క వచ్చేసింది" అంటూ పరిగెత్తుకొచ్చాడు.

ఈ రోజు పొద్దున ఇంకా గోడలు కూడా సరిగ్గా లేని ఆటలోకి ముగ్గురం కవచాలు వేసుకుని దిగాం. నేనో మేడ మీద, పైడితల్లీ ఇమ్మానుయేలూ పడవలో. నేను నీళ్లతొట్టి చాటున దాక్కున్నాననుకున్నాను. భుజం కొంచెం బయటికి ఉందట. నాకు తెలీలేదు.

కొత్త ఆటలో మొదటి తూటా పైడితల్లిది. సూటిగా వచ్చి, దాచుకోవడం మరిచిన నా భుజానికే తగిలింది. కవచం ఎర్రగా వెలుగుతుంటే ఆ మేడ మీద ఒక్కదాన్నే నిలబడి గట్టిగా నవ్వాను.